పదో తరగతి రివిజన్, ఆపై గ్రూపు ఎంపిక: జవాబు పత్రాలతో మొదలుపెట్టడం ఎలా

సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచేసరికి విజయవాడ, గుంటూరు ఇళ్లలో పదో తరగతి విద్యార్థి ముందు రెండు ప్రశ్నలు ఒకేసారి వచ్చి నిలబడతాయి. మార్చిలో జరిగే పబ్లిక్ పరీక్షలకు మిగిలిన రెండు నెలల్లో ఏది ముందు చదవాలన్నది ఒకటి. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటున్నావని బంధువులూ, జూనియర్ కాలేజీల తరఫున సీట్లు నింపే పీఆర్వోలూ అడుగుతుంటే ఏమని చెప్పాలన్నది రెండోది. మొదటిదాన్ని బడికీ, రెండోదాన్ని ఇంట్లో పెద్దవాళ్లకూ వదిలేయడం మన దగ్గర అలవాటైపోయింది. నా దృష్టిలో ఈ రెండింటికీ ఆధారం ఒక్కటే, అది మీరు ఇప్పటికే రాసి మూల పడేసిన జవాబు పత్రాల కట్ట. ఆ కట్ట విప్పి రివిజన్ ప్రణాళిక ఎలా వేసుకోవాలో, అదే కట్టతో గ్రూపును ఎలా తేల్చుకోవాలో వరుసగా చెబుతాను.

మొదటి పని: పోయిన మార్కులను విడదీయడం

అర్ధ సంవత్సర పరీక్షలవీ, ఆ తర్వాత బడిలో పెట్టిన పరీక్షలవీ జవాబు పత్రాలను సబ్జెక్టుల వారీగా పేర్చుకోండి. బడిలోనే ఉంచేసుకుని ఉంటే క్లాస్ టీచర్‌ను అడిగి ఒక్క రోజుకైనా ఇంటికి తెచ్చుకోండి. ప్రోగ్రెస్ కార్డు ఈ పనికి చాలదు, ఎందుకంటే అది గణితంలో 62 వచ్చాయని చెబుతుందే గాని మిగిలిన 38 ఎక్కడ పోయాయో చెప్పదు.

ఇప్పుడు మార్కు పోయిన ప్రతి చోటా పెన్సిలుతో ఒక అక్షరం వేయండి. ఆ పాఠమే అర్థం కాలేదనుకుంటే 'తె', చదివి మరిచిపోయారనుకుంటే 'మ', తెలిసి కూడా పొరబాటు చేశారనుకుంటే 'పొ', సమయం చాలక వదిలేశారనుకుంటే 'స' అని రాయండి. ఈ పని మీరే చేయాలి గాని ట్యూషన్ మాస్టారికి అప్పగించకూడదు. ఆ ప్రశ్న దగ్గర ఆ రోజు మీ మనసులో ఏం జరిగిందో మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు కదా.

ఉదాహరణకు ఉపరితల వైశాల్యాల పాఠంలో ఏటా వినిపించే ఒక లెక్క తీసుకుందాం. అర్ధగోళం మీద అదే వ్యాసార్ధం గల శంకువును నిలిపిన ఆటబొమ్మ ఉంది. వ్యాసార్ధం 3.5 సెం.మీ., బొమ్మ మొత్తం ఎత్తు 15.5 సెం.మీ., దాని సంపూర్ణ ఉపరితల వైశాల్యం కనుక్కోవాలి. శంకువు ఎత్తు 12, కాబట్టి ఏటవాలు ఎత్తు 12.5. శంకువు వక్రతల వైశాల్యం 137.5, అర్ధగోళానిది 77, రెండూ కలిపితే 214.5 చదరపు సెం.మీ. ఈ లెక్క తప్పిన ముగ్గురు విద్యార్థుల పేపర్లు పక్కపక్కన పెట్టి చూస్తే మూడు వేర్వేరు జబ్బులు కనిపిస్తాయి. ఒకరు 15.5నే శంకువు ఎత్తుగా తీసుకున్నారు, అంటే ప్రశ్న చదివారు గాని బొమ్మ గీయలేదు, అది 'పొ'. ఇంకొకరు శంకువు అడుగునున్న వృత్తం వైశాల్యం 38.5ని కూడా కలిపేశారు. రెండు ఆకారాలు అతికిన చోటు బయటికి కనిపించదన్న సంగతి వారికి తట్టలేదు, అది 'తె'. మూడో విద్యార్థి ఏటవాలు ఎత్తు సూత్రం దగ్గరే ఆగిపోయారు, అది 'మ'. ముగ్గురికీ పోయిన మార్కులు దాదాపు ఒకటే అయినా మందు ఒకటి కాదు. ముగ్గురి చేతా ఆ అధ్యాయంలోని లెక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయిస్తే మొదటి వ్యక్తికి అది వృథా శ్రమ, రెండో వ్యక్తికి అదే తప్పును పది సార్లు సాధన చేసినట్టు.

అక్షరాలు వేశాక సబ్జెక్టు వారీగా లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసుకోండి. 'తె' ఎక్కువున్న పాఠాలకు ఉపాధ్యాయుడు కావాలి, వాటిని ఒంటరిగా చదివి లాభం లేదు. 'మ' ఎక్కువున్నవి విరామాలిచ్చి మళ్లీ మళ్లీ గుర్తు చేసుకోవాల్సినవి. 'పొ'కు బొమ్మతో, మెట్లతో సహా పూర్తిగా రాసి చేసే సాధన, 'స'కు గడియారం పెట్టుకుని రాసే పరీక్ష అవసరం. రివిజన్ అనగానే పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేయడం మొదలుపెట్టే వారి సమయం ఎక్కువగా తమకు వచ్చిన పాఠాల మీదే ఖర్చవుతుంది, ఎందుకంటే వచ్చినవి చదవడం హాయిగా ఉంటుంది.

రెండో పని: ప్రశ్నపత్రాన్ని కొలవడం

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ పరీక్షల విభాగం వెబ్‌సైటులో ప్రతి సబ్జెక్టుకూ బ్లూప్రింటు, అంటే మార్కులు ఎలా పంచారో చూపే పట్టిక, నమూనా ప్రశ్నపత్రాలు ఉంటాయి. గైడ్లలోని 'ముఖ్యమైన ప్రశ్నల' కంటే ముందు వీటిని చూడండి. 100 మార్కుల గణితం పేపరు ఇటీవల ఇలా ఉంటోంది: ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5, మొత్తం 33 ప్రశ్నలు. రెండు ప్రశ్నల్లో ఒకటి ఎంచుకునే వీలు ఎనిమిది మార్కుల వాటికే ఉంటుంది.

ఈ అంకెలను కాసేపు పట్టి చూడండి. చిన్న ప్రశ్నలు ఇరవైకీ కలిపి 28 మార్కులు, నాలుగు మార్కుల వాటికి 32. పెద్ద లెక్కలు ఒక్కటి కూడా ముట్టుకోని విద్యార్థికి సైతం 60 మార్కుల పేపరు ముందుంటుంది. గణితంలో ఉత్తీర్ణతకు కావలసినవి 35. లెక్కలంటే వణికే విద్యార్థికి ఇది ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట. వారు రెండు నెలలూ నిర్వచనాలు, సూత్రాలు, ఒకటి రెండు మెట్లలో తేలే లెక్కలు, సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం, వాస్తవ సంఖ్యలు వంటి పాఠాల మీద ఉంటే గట్టెక్కుతారు. 90 దాటాలనుకునే వారికి మాత్రం ఎనిమిది మార్కుల లెక్కలే నిర్ణాయకం. వారు ప్రతి పెద్ద ప్రశ్నకూ రెండు ఎంపికలూ చేయగలిగే స్థితికి రావాలి.

విజ్ఞాన శాస్త్రం భౌతిక, జీవ శాస్త్రాలుగా 50 మార్కుల చొప్పున రెండు వేర్వేరు రోజుల్లో జరుగుతోంది. ఈ రెండింటికీ సమయం తక్కువ, కాబట్టి 'స' గుర్తు ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది. ద్వితీయ భాష హిందీకి ఉత్తీర్ణత మార్కు 20 కావడంతో చాలామంది దాన్ని ఆ ఇరవై దగ్గరే వదిలేస్తారు. కానీ 600లో హిందీ వందా, గణితం వందా ఒక్కటే విలువ. పదో తరగతి మార్కుల మీదే సీటిచ్చే సంస్థలున్నాయని ముందు ముందు చెబుతాను, అక్కడ ఈ నిర్లక్ష్యానికి వెల కట్టాల్సి వస్తుంది.

మూడో పని: పరీక్ష తేదీ నుంచి వెనక్కి లెక్కించడం

టైమ్ టేబుల్ ఈ రోజు నుంచి ముందుకు కాకుండా, చివరి పరీక్ష రోజు నుంచి వెనక్కి రాసుకోండి. 2025లో పరీక్షలు మార్చి 17న తెలుగుతో మొదలయ్యాయి, 19న హిందీ, 21న ఇంగ్లీషు, 24న గణితం, 26న భౌతిక శాస్త్రం, 28న జీవశాస్త్రం జరిగాయి, సాంఘిక శాస్త్రం చివర వచ్చింది. మీ సంవత్సరం తేదీలు మారినా అమరిక దాదాపు ఇలాగే ఉంటుంది: భాషలు ముందు, పరీక్షకూ పరీక్షకూ మధ్య సాధారణంగా ఒకే రోజు ఖాళీ, వారాంతం కలిసొస్తే రెండు. ఆ ఒక్క రోజులో ఏం చేయగలరో నిజాయితీగా ఆలోచించండి. జీవశాస్త్రం బొమ్మలు ఒకసారి గీసుకోవచ్చు. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ కలిసిన సాంఘిక శాస్త్రాన్ని మాత్రం ఒక్క రోజులో కొత్తగా చదవడం ఎవరి వల్లా కాదు. చివరి పరీక్ష కదా అని దాన్ని చివరికి నెట్టేవారు ఎప్పుడూ ఉంటారు. నా సలహా దానికి తలకిందులు, సాంఘిక శాస్త్రం మొదటి రౌండు జనవరిలోనే పూర్తి చేయండి.

మొత్తం కాలాన్ని మూడు భాగాలు చేసుకుంటే చాలు. సంక్రాంతి నుంచి ప్రీ ఫైనల్ దాకా 'తె' గుర్తున్న పాఠాలు, అంటే ఉపాధ్యాయుల సాయం కావలసినవి. ప్రీ ఫైనల్ నుంచి చివరి నమూనా పరీక్ష అయిన గ్రాండ్ టెస్టు దాకా 'మ', 'పొ' గుర్తులవి. ప్రీ ఫైనల్ జవాబు పత్రాలు చేతికి రాగానే మొదటి పనిని మళ్లీ చేసి, కొత్త అక్షరాలతో జాబితా సవరించుకోవాలి. గ్రాండ్ టెస్టు తర్వాత కొత్తది ఏదీ ముట్టుకోకుండా మీరు సొంతంగా రాసుకున్న చిన్న నోట్సు, పాత ప్రశ్నపత్రాలు మాత్రమే.

రోజులో మీ చేతిలో నిజంగా ఎంత సమయముంటుందో చూసుకున్నాకే గంటలు రాయండి. ప్రత్యేక తరగతులు ముగించుకుని పిల్లలు ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. ఇక గోడకు అతికించిన కాగితం మీద పది గంటల చదువు రాసుకుంటే మూడో రోజుకే అది అలంకారంగా మిగులుతుంది. తెల్లవారుజామున గంటన్నర, రాత్రి గంటన్నర, అంతే పెట్టుకుని అది తప్పకుండా చూసుకోండి. ఫిబ్రవరి దాటితే మన వైపు మధ్యాహ్నపు ఎండ చదువును సాగనివ్వదు. గుంటూరులో మిర్చి యార్డు దిక్కున ఉండేవారికైతే గాలి మళ్లినప్పుడల్లా ఘాటు కూడా తోడవుతుంది. కాబట్టి సెలవు రోజుల్లో లెక్కలు, బట్టీ లేని ఆలోచన పనులు ఉదయమే ముగించి, మధ్యాహ్నానికి మ్యాపులు, బొమ్మలు గీయడం వంటివి ఉంచండి. ఇంట్లో చోటు ఇరుకైతే విజయవాడలో రామ్మోహన్ గ్రంథాలయం, గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం ఉన్నాయి. పాఠ్యపుస్తకం వెంట తీసుకెళ్లి కూర్చోవడానికి వీలుంటుందేమో, వేళలేమిటో ముందు ఒకసారి వెళ్లి కనుక్కోండి.

చదివే తీరు

చదివిన పేజీని మళ్లీ చదవడం రివిజన్ కాదు. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద గుర్తున్నంతా రాసి, ఆ తర్వాత పుస్తకం తెరిచి విడిచిన వాటిని ఎర్ర పెన్నుతో చేర్చండి. ఆ ఎర్ర గీతలే మీ తర్వాతి రివిజన్. అదే పాఠానికి రెండు మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి, మూడు వారాలకు ఇంకోసారి ఇలాగే చేస్తే అది పరీక్ష దాకా నిలుస్తుంది. ఒకే రోజు నాలుగు సార్లు చదివితే నిలవదు.

మన రాష్ట్రపు పాఠ్యపుస్తకాల్లో ఒక సదుపాయముంది, దాన్ని పిల్లలు సరిగా వాడుకోవడం లేదనిపిస్తుంది. అవి ద్విభాషా పుస్తకాలు, ఎదురెదురు పేజీల్లో ఒకే పాఠం ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంటుంది. ఇంగ్లీషు మాధ్యమంలో రాసే విద్యార్థి అర్థం కాని పేరాను ఇంగ్లీషులోనే పది సార్లు చదివి బట్టీ పట్టే బదులు, ముందు తెలుగు పేజీలో చదివి విషయం పట్టుకుని, ఆ తర్వాత ఇంగ్లీషు వాక్యాలు తన మాటల్లో రాసి చూసుకోవాలి. వక్రీభవనం గానీ, వారసత్వం గానీ తెలుగులో ఒకసారి బుర్రకెక్కితే ఇంగ్లీషు వాక్యం తప్పుపోయినా విషయం తప్పుపోదు.

సబ్జెక్టుల విషయానికొస్తే భౌతిక శాస్త్రంలో దర్పణాలు, కటకాల కిరణ చిత్రాలను స్కేలుతో, బాణం గుర్తులతో వేగంగా గీయడం అలవాటు చేసుకోండి. నిరోధాల శ్రేణి, సమాంతర సంధానం లెక్కల్లో ప్రమాణాలు రాయడం మరవద్దు. రసాయన శాస్త్రంలో సమీకరణాలను తుల్యం చేయడం రోజుకు నాలుగైదు. జీవశాస్త్రంలో గుండె, నెఫ్రాన్, మెదడు, పుష్పం నిలువుకోత బొమ్మలను భాగాల పేర్లతో సహా చూడకుండా గీయగలగాలి. సాంఘిక శాస్త్రంలో పటం ప్రశ్న దాదాపు కష్టపడకుండా వచ్చే మార్కులు. చంపారన్, దండి, చౌరీచౌరా, నాగార్జున సాగర్ వంటి వాటిని ఖాళీ పటం మీద వారానికి రెండు సార్లు గుర్తించండి. తెలుగులో సంధులు, సమాసాలు, అలంకారాలు, ఛందస్సు లెక్కల లాంటివే, ఒకసారి వస్తే పూర్తి మార్కులు పడతాయి. రామాయణం ఉపవాచకాన్ని కథ తెలుసు కదా అని వదిలేయవద్దు, ప్రశ్న పాఠంలోని సంఘటనల వరుస మీద వస్తుంది గాని మీ అమ్మమ్మ చెప్పిన కథ మీద కాదు.

పరీక్ష రాసే తీరు గురించి రెండు మాటలు. 100 మార్కుల పేపర్లకు ప్రశ్నలు చదువుకోవడానికి ఇచ్చే 15 నిమిషాలను ఎనిమిది మార్కుల ప్రశ్నల్లో ఏది రాయాలో తేల్చుకోవడానికే వాడండి. రాయడం మాత్రం మీకు బాగా వచ్చిన విభాగంతో మొదలుపెట్టండి. ఇంట్లో వారానికి ఒక పేపరు ఉదయం తొమ్మిదిన్నరకు కూర్చుని, నీళ్ల సీసా తప్ప ఏదీ దగ్గర లేకుండా పూర్తిగా రాస్తే 'స' గుర్తు దానంతటదే తగ్గుతుంది.

నాలుగో పని: అదే కట్టతో గ్రూపు చూసుకోవడం

గ్రూపు ఎంచుకోవడానికి మార్కులు ఒక ఆధారమే గాని అవొక్కటే కాదు. రెండు నెలల రివిజన్‌లో మీరు ఏ సబ్జెక్టులో తప్పు చేసినప్పుడు విసుగు లేకుండా మళ్లీ కూర్చున్నారో, దేన్ని వాయిదా వేస్తూ వచ్చారో ఒక కాగితం మీద రాసుకోండి. బట్టీతో గణితంలో 90 తెచ్చుకున్న విద్యార్థి కంటే, 75 వచ్చినా తప్పిన లెక్క తేలేదాకా వదలని విద్యార్థి ఎంపీసీ (గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు) గ్రూపులో నిలదొక్కుకుంటాడు. అనుమానముంటే ఇంటర్ మొదటి సంవత్సరం గణితం పుస్తకం ఎవరి దగ్గరైనా అడిగి, మొదటి అధ్యాయం ఒక సాయంత్రం చదివి చూడండి. ఒక జాగ్రత్త చెప్పాలి: 2025-26 నుంచి మన ఇంటర్ మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది, కాబట్టి విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో చవకగా దొరికే అంతకు ముందటి ప్రతులు ఇందుకు పనికిరావు.

ఎంపీసీ ఇంజినీరింగుకే అనీ, బైపీసీ (జీవ, భౌతిక, రసాయన శాస్త్రాలు) డాక్టరుకే అనీ మన వైపు స్థిరపడిపోయింది. బైపీసీ చదివి, వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌లో సీటు రాని విద్యార్థికి దారి మూసుకుపోయిందని ఇంట్లో వాళ్లు అనుకుంటారు, కానీ రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ద్వారా వ్యవసాయం, ఫార్మసీ కోర్సులున్నాయి. గుంటూరు పక్కన లాంలోనే ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, బాపట్లలో 1945 నాటి వ్యవసాయ కళాశాల ఉంది, గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. గణితమూ, జీవశాస్త్రమూ రెండూ వదులుకోలేని వారికి 2025-26 నుంచి ఎంబైపీసీ కూడా వచ్చింది. అయితే ఎటూ తేల్చుకోలేక దాన్ని తీసుకోవడం మంచిది కాదు, మోయాల్సిన బరువు ఎక్కువ.

సీఈసీ (పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, కామర్స్), ఎంఈసీ (గణితం, అర్థశాస్త్రం, కామర్స్) గురించి అడిగేవారు తక్కువ, చెప్పేవారు ఇంకా తక్కువ. లెక్కల పుస్తకం కంటే వ్యాపారం, డబ్బు లెక్కలు ఆసక్తిగా అనిపించేవారికి ఇవి మేలు. ఇంటర్ తర్వాత చార్టర్డ్ అకౌంటెన్సీ తొలి పరీక్ష సీఏ ఫౌండేషన్ రాయవచ్చు. సీఈసీలో గణితం ఉండదు గదా అని సంతోషించేవారు ఫౌండేషన్‌లో గణితం, గణాంకాలతో ఒక పేపరుంటుందని ముందే తెలుసుకోవాలి. హెచ్ఈసీని (చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం) చదువు రానివారి గ్రూపుగా చూడటం పొరపాటు. సాంఘిక శాస్త్రాన్ని ఇష్టంగా చదివి, రాత బాగున్న పిల్లలు ఐదేళ్ల న్యాయవిద్య వైపో, పోటీ పరీక్షల వైపో వెళ్లాలనుకుంటే వారికి ఇదే సరైన దారి.

ఇంటర్ మాత్రమే దారి కాదన్న సంగతి కూడా పరీక్షలకు ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమాలో చేరితే, ఆ తర్వాత డిప్లొమా వారు రాసే ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. విజయవాడలో ప్రభుత్వ పాలిటెక్నిక్, గుంటూరు నల్లపాడులో ఎంబీటీఎస్ ప్రభుత్వ పాలిటెక్నిక్, గుంటూరులోనే బాలికల ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉన్నాయి. పాలిసెట్ 120 మార్కులకు, రెండు గంటల్లో జరుగుతుంది. గణితం 50, భౌతిక శాస్త్రం 40, రసాయన శాస్త్రం 30, అన్నీ పదో తరగతి పాఠాలే. అంటే పైన చెప్పిన రివిజన్ సరిగా చేసినవారికి దీనికి విడిగా చదవాల్సింది తక్కువ, ఆబ్జెక్టివ్ ప్రశ్నల వేగం అలవాటు చేసుకుంటే చాలు. నూజివీడుతో సహా నాలుగు చోట్ల ఉన్న ట్రిపుల్ ఐటీల్లో ఇంటర్, బీటెక్ కలిసిన ఆరేళ్ల కోర్సుకు పదో తరగతి మార్కుల మీదే సీట్లిస్తారు, పైగా మొదటి ప్రయత్నంలోనే ఉత్తీర్ణులై ఉండాలి. ప్రభుత్వ బడుల్లో చదివినవారికి అదనపు వెయిటేజీ ఉంటుంది. హిందీ మార్కుల మాట ఇందుకే ముందుగా చెప్పాను. చేతి పని మీద మక్కువ ఉన్నవారికి ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్, డీజిల్ మెకానిక్ ఏడాది. వాహనాల పనులకు పేరున్న జవహర్ ఆటోనగర్ విజయవాడలోనే ఉండగా ఈ చదువుకు పని ఎక్కడ దొరుకుతుందని ఎవరూ అడగనక్కర్లేదు.

ఐదో పని: కాలేజీ చూడటం

పరీక్షలకు ముందే సీటు బుక్ చేసుకుంటే ఫీజులో తగ్గింపు అంటూ ఇంటికి వచ్చే పీఆర్వోకు ఇవ్వాల్సిన జవాబు ఒక్కటే: ఫలితాలు వచ్చాక మాట్లాడదామండి. కట్టిన అడ్వాన్సు వెనక్కి రావడం గగనం. మనసు మారినా ఆ డబ్బు కోసమే అదే కాలేజీలో చేర్చిన తల్లిదండ్రులు నాకు తెలుసు. మా బంధువుల అబ్బాయి ఒకడు పెద్ద హోర్డింగు చూసి చేరిన తర్వాత హాల్ టికెట్ మీద ఇంకేదో కాలేజీ పేరు చూసుకుని తెల్లబోయాడు. అందుకే తరగతులు జరిగే భవనానికే ఇంటర్ బోర్డు గుర్తింపు ఉందా, కాలేజీ కోడ్ ఏది, మీ పేరు ఏ కోడ్ కింద నమోదవుతుంది అన్న మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా తేల్చుకోండి.

తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట. విజయవాడ పక్కన గూడవల్లి, నిడమానూరు వైపు హాస్టళ్లు చూడటానికి ఆదివారం వెళ్తే చూపించే గది వేరు, మీ పిల్లవాడికి ఇచ్చే గది వేరు కావచ్చు. మామూలు పనిరోజు సాయంత్రం వెళ్లి, మొదటి సంవత్సరం చదువుతున్న పిల్లలతో గేటు బయట నిలబడి మాట్లాడండి. ఎన్నింటికి లేపుతారు, ఎన్నింటికి పడుకోనిస్తారు, ఒంట్లో బాగోలేకపోతే ఎవరికి చెప్పాలి, మార్కుల వారీగా సెక్షన్లు మారుస్తారా, కింది సెక్షనుకు అదే లెక్చరర్ వస్తారా అని అడగండి. ఇల్లు దగ్గరుంటే డే స్కాలర్‌గా ఉంచడంలో చిన్నతనమేమీ లేదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలను కూడా ఒకసారి వెళ్లి చూడండి. అక్కడ 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం పెడుతున్నారు, ఆ పథకం మొదలైంది విజయవాడ పాయకాపురం కాలేజీలోనే.

ఆరో పని: తేదీలు, కాగితాలు

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పాలిసెట్, ఏపీఆర్‌జేసీ (ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీలు) ప్రవేశ పరీక్షల దరఖాస్తు గడువు పదో తరగతి ఫలితాలకు ముందే ముగిసిపోతుంది. 2025లో ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి, ఏపీఆర్‌జేసీ పరీక్ష 25న, పాలిసెట్ 30న జరిగాయి. మార్కులు చూసి నిర్ణయించుకుందామని ఆగితే ఈ రెండు దారులూ ఆ ఏడాదికి మూతపడినట్టే. అందుకని నోటిఫికేషన్లు వచ్చాక ఆలస్యం చేయకుండా, గ్రూపు విషయం పూర్తిగా తేలకపోయినా, ఈ రెండు దరఖాస్తులూ పెట్టేయండి. ట్రిపుల్ ఐటీ దరఖాస్తు మాత్రం ఫలితాల తర్వాత వస్తుంది.

ఏప్రిల్‌లో ఖాళీగా ఉన్నప్పుడే కాగితాలు సిద్ధం చేసుకోండి. కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలకు వార్డు లేదా గ్రామ సచివాలయంలో దరఖాస్తు చేయాలి, జూన్‌లో అక్కడ క్యూ పెరుగుతుంది. కింది తరగతుల నుంచి పదో తరగతి వరకు చదివిన బడుల స్టడీ సర్టిఫికెట్లు స్థానికత కోసం అడుగుతారు, మధ్యలో బడి మారినవారు పాత బడికి వెళ్లి తెచ్చుకోవాలి. హాల్ టికెట్ మీద మీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోలుతున్నాయో చూసి, తేడా ఉంటే ప్రధానోపాధ్యాయుడి ద్వారా వెంటనే సరిచేయించండి. మెమో అచ్చయ్యాక దిద్దించాలంటే చాలా తిప్పలు.

ఫలితాలు వచ్చాక అనుకున్న దానికంటే మార్కులు బాగా తగ్గితే రీకౌంటింగుకు (మార్కులు మళ్లీ కూడటం), రీవెరిఫికేషన్‌కు (జవాబు పత్రాన్ని మళ్లీ పరిశీలించడం) కొద్ది రోజులే గడువుంటుంది. 2025లో రీకౌంటింగుకు సబ్జెక్టుకు రూ.500, రీవెరిఫికేషన్‌కు రూ.1000 తీసుకున్నారు. ఏ సబ్జెక్టుకు పెట్టాలో తేల్చుకోవడానికి, పరీక్ష రాసి వచ్చిన రోజే ప్రశ్నపత్రం మీద మీకు రావచ్చనుకున్న మార్కులు వేసి పెట్టుకుని ఉండాలి, లేకపోతే అంతా ఊహే అవుతుంది. ఏదైనా సబ్జెక్టు తప్పితే మే నెలలో సప్లిమెంటరీ ఉంటుంది, దాని ఫీజు గడువు కూడా ఫలితాల వెంటే మొదలవుతుంది. తప్పిన సబ్జెక్టుకు మొదటి పనిలో రాసిన జాబితా తీసి, 'తె' గుర్తున్న పాఠాలకు ఆ సబ్జెక్టు ఉపాధ్యాయుడిని మర్నాడే కలవండి. ఏప్రిల్ చివర్లో బడులకు వేసవి సెలవులిచ్చేస్తారు కాబట్టి, ఆయన ఏ రోజుల్లో బడికి వస్తారో ముందే అడిగి ఉంచుకోండి.